ఎవరూ ముట్టని కీబోర్డ్

జశ్వంత్ చనిపోయిన మధ్యాహ్నం మాదాపూర్ రోడ్ల మీద తారు మెత్తబడుతోంది. అతను చనిపోయిన గదిలో మాత్రం స్వెట్టర్ లేకుండా నిలబడలేనంత చలి.

మేఘశ్రీ గ్రిడ్‌టెక్ బిల్డింగ్. నాలుగో అంతస్తు. సర్వర్ హాల్. మంటలార్పే గ్యాస్ దానంతట అదే విడుదలైంది. తలుపు తెరుచుకోలేదు. లోపలున్న మనిషి ఊపిరాడక పోయాడు. రిపోర్టులో "ప్రమాదం" అని రాశారు.

ఆ రిపోర్టును యజ్ఞనారాయణ నరేందర్ ముందుకి తోశారు.

"నమ్ముతున్నావా?"

"లేదు సార్."

"నేనూ నమ్మట్లేదు. కూర్చో."

బాలానగర్‌లో మోటార్లకు వైండింగ్ చేసే షెడ్డు అది. ముందు భాగంలో నిజంగానే మోటార్లు రిపేరు చేస్తారు. వెనక గదిలో, ఏ ప్రభుత్వ వెబ్‌సైట్‌లోనూ పేరు కనిపించని ఒక గూఢచారి విభాగం నడుస్తుంది. యజ్ఞనారాయణ దానికి చీఫ్. కాకినాడ మనిషి. నరేందర్, జశ్వంత్ ఆయన ఏజెంట్లు. ఒకే బ్యాచ్. ట్రైనింగ్‌లో ఒకే గది. నరేందర్‌కి కంప్యూటర్ మూత విప్పడం నేర్పింది జశ్వంతే.

"ఎడారి కొంగ," అన్నారు యజ్ఞనారాయణ. "విదేశీ ముఠా. మనం పెట్టిన పేరే. హైదరాబాద్ పడమటి సగానికి కరెంటు ఎటు ఎంత వెళ్ళాలో చూసే కంట్రోల్ మెషిన్లు మేఘశ్రీలో ఉన్నాయి. కొంగ చూపు వాటి మీద పడింది. మే నెల, అన్ని ఏసీలూ నడిచే సమయంలో ఫీడర్లన్నీ, అదే పేటలకి కరెంటు మోసే లైన్లన్నీ, ఒకేసారి ఆపి, ఒకేసారి వేసి, మళ్ళీ ఆపితే ఏమవుతుంది?"

"ట్రాన్స్‌ఫార్మర్లు కాలిపోతయ్."

"మళ్ళీ తెప్పించడానికి నెలలు పడుతుంది. ఆసుపత్రులు, మెట్రో, మంచినీళ్ళ పంపులు, అన్నీ పోతాయి. అది ఆపడానికే జశ్వంత్‌ని పంపాను." ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. అవసరం లేకపోయినా మళ్ళీ తుడిచారు. "ఇప్పుడు నిన్ను పంపుతున్నాను. పేరు తిమ్మప్ప. సర్వర్ కంపెనీ సర్వీస్ ఇంజనీర్. అక్కడ మన మనిషి ఒకరున్నారు. ముఠా లోపల మనకోసం పనిచేస్తున్నారు. 'తొమ్మిది పిన్నుల పోర్ట్ ఇంకా వాడుతున్నారా?' అని అడుగు. 'ఒక పిన్ను వంగిందండీ' అంటే, వాళ్ళే."

పెన్నులో దాచిన కెమెరా ఒకటి, చెవిలో పెట్టుకునే ఫోన్ ఒకటి ఇచ్చారు. అవి చూసేదీ వినేదీ ఆయనకి చేరుతుంది. ఒక కార్డు కూడా.

"కంట్రోల్ మెషిన్ ఆపాలంటే రెండు కార్డులు గీకాలి. కంపెనీది ఒకటి, ప్రభుత్వానిది ఒకటి. ఇది రెండోది. జశ్వంత్ దగ్గరా ఇలాంటిదే ఉండేది. అతను పోయిన రోజే దాన్ని రద్దు చేశాం." ఆయన ఆగారు. "ఇంకో సంగతి. ఆ హాల్లో దెయ్యం ఉందట."

"ఎవరి దయ్యం సార్?"

యజ్ఞనారాయణ రిపోర్టులో జశ్వంత్ పేరు మీద వేలు పెట్టారు.

*

మేఘశ్రీ బిల్డింగ్ సెక్యూరిటీ సూపర్‌వైజర్ లింగమూర్తిది కొండాపూర్. హైటెక్ సిటీ లేనప్పుడు ఆ బిల్డింగ్ ఉన్న చోట వాళ్ళ నాన్న జొన్నలు వేసేవాడు. తిమ్మప్ప పేరుతో వచ్చిన నరేందర్‌ని నాలుగో అంతస్తుకి తీసుకెళ్ళి, హాల్ తలుపు దగ్గరే ఆగిపోయాడు.

"జర మీరే పోండి సార్. నేను లోపలికి రాను."

"ఏమైంది?"

"మొన్న ఒక సారు సచ్చిపోయిండు ఈడ. ఆయన ఇంకా పోలేదు. పగటిపూట, అందరు తిండికి పోయిన టైమ్‌ల వస్తడు. కీబోర్డ్ టకటక కొడ్తడు. నేను నా కండ్లతోని చూసిన."

నరేందర్ లోపలికి వెళ్ళాడు. మనిషికన్నా ఎత్తైన నల్లటి ర్యాకులు రెండు వరుసలు. ఫ్యాన్ల హోరు. కింద గచ్చు కంతల్లోంచి చలిగాలి పైకి తన్నుతోంది. మొదటి వరుసలో కంట్రోల్ మెషిన్ నడుస్తోంది. దాని ముందు ఒక తెర, కీబోర్డ్.

కుర్చీ ఖాళీ. జశ్వంత్ కూర్చున్న కుర్చీ అదే అయి ఉండాలి. సీటు బాగా కిందికి దించి ఉంది. పొట్టివాడు జశ్వంత్. ఎక్కడ కూర్చున్నా ముందు సీటు దించేవాడు. నరేందర్‌కి దాన్ని పైకి లేపబుద్ధి కాలేదు.

అందరూ భోజనానికి వెళ్ళారు. అతను ఒక్కడే.

తెర వెలిగింది. కీబోర్డ్ మీద ఎవరి వేలూ లేదు. తెర మీద అక్షరాలు ఒక్కొక్కటే పడుతున్నాయి.

n a r e n

నరేందర్ వంగి మళ్ళీ చదివాడు. నరేన్ అని అతన్ని పిలిచే మనిషి ఈ లోకంలో ఒక్కడే. అక్షరాలు ఒక్క క్షణం నిలిచాయి. తర్వాత ఒక్కొక్కటే చెరిగిపోయాయి. తెర మళ్ళీ నల్లబడింది.

"జశ్వంత్?" అన్నాడు నరేందర్.

"భయపడ్డారా తిమ్మప్పగారూ?"

వెనక ఒక అమ్మాయి. ముదురాకుపచ్చ సిల్కు షర్టు, భుజం దాకా కత్తిరించిన జుట్టు, కళ్ళకి సన్నటి కాటుక. ఆ ఫ్యాన్ల హోరులో కూడా గొంతు పెంచకుండా మాట్లాడగల మనిషి. మెడలో ట్యాగ్: కృష్ణప్రియ, సెక్యూరిటీ హెడ్.

నరేందర్ తేరుకున్నాడు. "తొమ్మిది పిన్నుల పోర్ట్ ఇంకా వాడుతున్నారా మేడమ్?"

ఆమె నవ్వింది. "వాడతామండీ. ఒక పిన్ను వంగింది." దగ్గరికి వచ్చి మెల్లగా అంది: "జశ్వంత్‌గారు నా వల్లే ఇక్కడికి వచ్చారు. నేను నిద్రపోయి చాలా రోజులైందండీ."

*

ఆ సాయంత్రం నరేందర్ మణికొండ వెళ్ళాడు. జశ్వంత్ భార్య సంయుక్త టీ పెట్టింది. ఆమెకు తెలిసిందల్లా భర్త కంప్యూటర్లు బాగుచేసేవాడని. ఆమెకు ఆ అబద్ధం చెబుతూ వచ్చినవాళ్ళలో నరేందర్ కూడా ఒకడు.

"ఒక మాట అడుగుతా అన్నా. నిజం చెప్పాలె," అంది సంయుక్త.

"అడుగు."

"ఆ ఆఫీసుల దయ్యం తిరుగుతున్నదంట గద. ఆయననేనంట. కింద ఫ్లాట్ల పిల్ల ఆడనే పని చేస్తది. ఆమె చెప్పింది."

నరేందర్ టీ గ్లాసు కింద పెట్టాడు.

"నాకు భయం లేదన్నా. నువ్వు ఆడికి పోతవ్ కద. నిజంగ ఆయననే అయితే, ఇంటికి రమ్మని చెప్పు."

తిరిగి వస్తుంటే అవుటర్ రింగ్ రోడ్డు దిగువన ట్రాఫిక్‌లో అతని పక్క సీటు మీద ఎవరో కూర్చున్నట్టే ఉంది. రెండుసార్లు అటు చూశాడు. మూడోసారి చూడడానికి ధైర్యం చాలలేదు. దెయ్యం ఉంటుందని కాదు, ఉండదేమోనని.

*

మర్నాడు అతను పని మొదలుపెట్టాడు. కృష్ణప్రియ పక్కనే నిలబడింది.

మెషిన్ ముందూ వెనకా ఉన్న యూఎస్‌బీ పోర్టులన్నిటికీ ప్లాస్టిక్ తాళాలు. సీళ్ళు చెక్కుచెదరలేదు. బయటి నుంచి ఎవరూ ఏమీ గుచ్చలేదు. అందుకే కంపెనీ ఇంజనీర్లందరూ చేతులెత్తేసి దెయ్యానికి వదిలేశారు.

'పోర్టంటే వీధి గుమ్మం. స్లాటంటే లోపలి గది,' అనేవాడు జశ్వంత్. 'దొంగతనం అయితే అందరు గుమ్మమే చూస్తరు. నువ్వు గదులు చూడు.'

నరేందర్ మెషిన్‌ని పట్టాల మీద ముందుకి లాగి, అది నడుస్తుండగానే పై మూత తీశాడు. లోపల అన్నీ తెలిసినవే. ర్యామ్ కడ్డీలు నిలబడిన సన్నటి స్లాట్లు. ప్రతిదానికీ అడుగున ఒక పక్కకి జరిగిన గాటు. కడ్డీని తిప్పి పెడితే కూర్చోదు. తప్పు చేయనివ్వని స్లాట్ అది. వెనకవైపు పీసీఐ ఎక్స్‌ప్రెస్ స్లాట్లు, పొట్టివీ పొడుగువీ. వాటికి పట్టింపు తక్కువ. పొడుగు స్లాట్‌లో పొట్టి కార్డు పెట్టినా సర్దుకుంటుంది. హార్డ్ డిస్కులకి వెళ్ళే సాటా కేబుళ్ళు, ఎల్ ఆకారం మూతులతో.

మదర్‌బోర్డ్ మూలలో, అందరూ మర్చిపోయే చోట, ఇంకో యూఎస్‌బీ సాకెట్ ఉంది. కొన్ని సర్వర్లకి కడుపులో కూడా ఒకటి పెడతారు. దాంట్లో చిటికెన వేలి గోరంత నల్లటి ముక్క ఒకటి కూర్చుని ఉంది.

"దొరికింది," అన్నాడు.

"ఏంటండీ అది?"

"మీ దయ్యం." అతని గొంతులో సంతోషం లేదు. "యూఎస్‌బీ అమాయకురాలు మేడమ్. ఎవరొచ్చి 'నేను కీబోర్డ్' అన్నా, రా కూర్చో అంటది. వేళ్ళు ఉన్నయా లేవా చూడదు. ఇది కీబోర్డ్ వేషం వేసిన డబ్బా. పగలు ఒక టైమ్ పెట్టి కొన్ని అక్షరాలు కొడ్తున్నది. అంతే."

జశ్వంత్ లేడు. రాలేదు. ఒక ప్లాస్టిక్ ముక్క నరేన్ అని కొట్టింది. నరేందర్ ఆ ముక్కని పీకలేదు. కాసేపు దాని వంక చూస్తూ ఉండిపోయాడు.

"దాన్ని ముట్టుకోకండి," అంది కృష్ణప్రియ ఆదుర్దాగా. "పీకితే ఏదైనా పేలేట్టు పెట్టి ఉండొచ్చు. జశ్వంత్‌గారు పీకబోయే పోయారేమో. ముందు ఈ మెషిన్ ఆపేద్దామండీ. రెండో వరుసలో దీనికి జత ఉంది కదా. ఇది ఆగితే అది పగ్గాలు అందుకుంటుంది. ఊరికి కరెంటు పోదు. ఎండ నడినెత్తికి వస్తోంది, ఇప్పుడే చేయాలి."

మాట సబబుగానే ఉంది. యజ్ఞనారాయణకి ఫోన్ చేశాడు. ఆయన ఒక్క నిమిషం ఆలోచించి సరేనన్నారు. కృష్ణప్రియ తన కార్డు గీకింది. నరేందర్ తనది గీకాడు.

మొదటి మెషిన్ ఫ్యాన్లు నెమ్మదించాయి. తెర మీద గీత ఒకటి మెల్లగా నిండుతోంది: కంట్రోల్ రెండో మెషిన్‌కి బదిలీ అవుతోంది.

"మా ఎండీకి చెప్పి వస్తాను," అని కృష్ణప్రియ బయటికి నడిచింది.

తలుపు దగ్గర లింగమూర్తి ఆమెకు దారి ఇచ్చి, ఈసారి లోపలికి అడుగుపెట్టాడు. చేతిలో నిమ్మకాయ, మిరపకాయలు గుచ్చిన దండ.

"బంద్ చేసిన్రట గద సార్. మా ఇంటామె భాగ్యమ్మ ఇచ్చింది ఇది. ఒక్కటి పెట్టిపోత. ఇగ ఆ సారు ఆత్మ శాంతిస్తది."

అతను నరేందర్‌ని దాటి నేరుగా రెండో వరుసలోకి వెళ్ళాడు.

"అటెందుకు? దయ్యం మెషిన్ ఇది గద."

"కీబోర్డ్ ఆడ కొడ్తడు గని, సారు పడ్డది ఆడ గాదు సార్. గీడ, రెండో దాని ముందట. నేనే మోసిన ఆయనను. మెషిన్ మూత తీసి పక్కన పెట్టి ఉండె."

"రిపోర్ట్‌ల మొదటి వరుస అని రాసిన్రు."

"మేడమ్ అట్లనే చెప్పమన్నది. పోలీసులు వచ్చి పరేషాన్ చేస్తరు, మాటలు పెంచొద్దు అన్నది."

నరేందర్‌కి ఇప్పుడు అర్థమైంది. జశ్వంత్‌కి మొదటి మెషిన్ మీద అనుమానమే లేదు. అది ఎర. దెయ్యాన్ని చూపించి, భయపెట్టి, ప్రభుత్వం చేతే దాన్ని ఆపించాలి. అప్పుడు కంట్రోల్ రెండోదానికి వెళ్తుంది. అసలు విషం రెండోదాంట్లో ఉంది. జశ్వంత్ అది కనిపెట్టాడు, కార్డు గీకనన్నాడు. అందుకే చంపారు. నరేందర్ గీకాడు.

నరేన్ అన్న పేరు ముఠాకి ఎలా తెలిసింది? జశ్వంత్ ఫోన్‌లో అలా పిలుస్తుంటే పక్కన నిలబడి విన్నది ఎవరు?

అతను పరిగెత్తాడు. రెండో మెషిన్‌ని లాగి మూత ఊడదీశాడు. అదే క్షణంలో హాల్ తలుపు బయటినుంచి ఠకామని పడింది. తలుపు అద్దం అవతల కృష్ణప్రియ. ఆమె చెయ్యి గోడ మీద గ్యాస్ వదిలే ఎర్ర హ్యాండిల్‌ని కిందికి లాగింది. నరేందర్‌ని చూసి తల కొంచెం వంచింది, సెలవు తీసుకుంటున్నట్టు. తర్వాత లిఫ్ట్ వైపు నడిచింది.

సైరన్ మోగింది. ఎర్ర లైటు తిరుగుతోంది. జశ్వంత్ చివరగా విన్నది ఈ చప్పుడే.

"లింగమూర్తన్నా! తలుపు పక్కన పసుపు బటన్. నొక్కి పట్టు. నువ్వు వదిలితే గ్యాస్ వస్తది."

లింగమూర్తి రెండు చేతులతో బటన్ మీద పడ్డాడు. దండ కింద పడిపోయింది. "పట్టిన! ఎంతసేపు సార్?"

"చేతులు పడిపోయేదాక."

నరేందర్ పెన్ను కెమెరాని మెషిన్ లోపలికి తిప్పాడు. చెవిలో యజ్ఞనారాయణ గొంతు వినిపించింది: "తేడాగా ఉన్న కార్డు పీకెయ్!"

"పీకద్దు సార్. ఇది నడుస్తున్న మెషిన్. స్లాట్ల నుంచి కార్డు గుంజితే ఇది చస్తది. మొదటిది ఆల్రెడీ బంద్ చేసినం. రెండూ పోతే కొంగ చేయాలనుకున్నది మనమే చేసినట్టు."

తెర మీద గీత నిండింది. కంట్రోల్ ఇప్పుడు రెండో మెషిన్ చేతిలో ఉంది. ఇక బయటినుంచి ఒక్క ఆర్డర్ రావాలి. అది ఎటునుంచి వస్తుంది? నెట్‌వర్క్ కేబుల్ నుంచి రాదు, దానికి కాపలా ఉంది. గాల్లోంచి రావాలి. అంటే లోపల ఎక్కడో ఒక రేడియో ఉంది.

ర్యామ్ చూశాడు. నెట్‌వర్క్ కార్డు చూశాడు. ఎం డాట్ టూ స్లాట్లలో చూయింగ్ గమ్ పట్టీల్లాంటి రెండు ఎస్‌ఎస్‌డీ డిస్కులు, వేటికవి సరైన వైపే గాట్లు. అంతా సవ్యంగా ఉంది. అంతా మామూలుగా ఉంది. చెమట కంట్లోకి కారుతోంది, ఆ చలిలో.

తెర మీద కొత్త వరుస పడింది. ఫీడర్ గ్రూపులన్నీ ఎంపికయ్యాయి. ఆసుపత్రుల లైను కూడా.

"సార్, చేతులు గుంజుతున్నయ్!" అరిచాడు లింగమూర్తి.

అప్పుడు వినిపించింది. ఫ్యాన్ల హోరులోంచి, సైరన్ అడుగునుంచి, చెవి పక్కనే.

*కింద చూడురా నరేన్.*

ఫోన్ కాదు. లింగమూర్తి కాదు. నరేందర్ వెనక్కి తిరగలేదు. మోకాళ్ళ మీద కూర్చుని, చెంప మెషిన్ అంచుకి ఆనించి, కార్డుల అడుగున పెన్ను దూర్చాడు.

అడ్డంగా ఉన్న ఒక కార్డు కింది ముఖాన, తలకిందులుగా, మూడో ఎం డాట్ టూ పట్టీ ఒకటి ఉంది. పైకి ఎస్‌ఎస్‌డీ లేబులే. కాని గాటు అవతలి వైపు ఉంది. డిస్కులకి ఉండే వైపు కాదు, మొబైల్ మోడెమ్‌లకి ఉండే వైపు. దాని వీపు మీద ఆవగింజంత బంగారు రంగు బొత్తం. దానికి తగిలించి, వెంట్రుకంత నల్లటి తీగ. డిస్కుకి యాంటెన్నా దేనికి?

కార్డుని ముట్టుకోనవసరం లేదు. దాని చెవి మూస్తే చాలు.

వేలు పట్టదు. పెన్ను మూత కొన ఆ బొత్తం అంచు కిందికి దూర్చి, ఊపిరి బిగబట్టి, పైకి లేపాడు.

టిక్.

ఇంత నగరాన్ని కూల్చబోయిన కనెక్టర్ చేసిన చప్పుడు అంతే.

తెర మీద "అమలు" అన్న మాట దగ్గర గుర్తు వెలుగుతూ, ఆరుతూ, ఆగింది. రావాల్సిన చివరి సంకేతం రాలేదు. కాసేపు చూసి మెషిన్ తనే ఆర్డర్ని కొట్టేసింది. ఫీడర్లన్నీ పచ్చగా ఉన్నాయి. కిటికీ అవతల మెట్రో రైలు ఒకటి ఏ తొందరా లేకుండా స్టేషన్‌లోకి వెళ్ళింది.

మనుషులు వచ్చి తలుపు పగలగొట్టి, గ్యాస్ లైను కట్టేసిన తర్వాత కూడా లింగమూర్తి బటన్ వదల్లేదు. వేళ్ళు ఒక్కొక్కటే విడదీయాల్సి వచ్చింది.

కృష్ణప్రియ అప్పటికే గేటు ముందు క్యాబ్ ఎక్కింది. "ఓటీపీ చెప్పండి మేడమ్," అన్నాడు డ్రైవర్. చెప్పింది. డ్రైవర్ డోర్లు లాక్ చేసి, ఎయిర్‌పోర్ట్ వైపు కాక బాలానగర్ వైపు తిప్పాడు. అతను యజ్ఞనారాయణ మనిషి. హాల్లో సైరన్ మోగిన మరుక్షణమే ఆయన గేటు దగ్గరి మనుషులందరికీ కబురు పంపారు. "జశ్వంత్‌గారు మంచివారండీ," అందట ఆమె దారిలో. ఇంకేం మాట్లాడలేదట.

హాలు ఖాళీ అయ్యాక నరేందర్ రెండో వరుసలో ఒక్కడే నిలబడ్డాడు. కింద పడిన నిమ్మకాయ దండ తీసి ర్యాక్ పక్కన పెట్టాడు.

"సంయుక్త ఇంటికి రమ్మన్నది రా," అన్నాడు మెల్లగా.

ఫ్యాన్లు హోరెత్తుతున్నాయి. ఎవరూ పలకలేదు. చాలాసేపు విన్నాడు. అయినా పోయేటప్పుడు తలుపు తెరిచి పట్టుకున్నాడు, వెనక ఇంకెవరో వస్తున్నట్టు. తర్వాత వదిలాడు.

సాయంత్రం ఫోన్ మోగింది. యజ్ఞనారాయణ.

"రిపోర్ట్ రేపటికల్లా ఢిల్లీ వెళ్ళాలి. అంతా బాగానే ఉంది కాని ఒక్క చోట ఖాళీ వదిలేశావు. ఆ పట్టీ కార్డు కింద ఉందని నీకెలా తెలిసింది?"

"జశ్వంత్ చెప్పిండు సార్."

అవతల కుర్చీ కిర్రుమంది. కళ్ళజోడు బల్ల మీద పెట్టిన చప్పుడు. తర్వాత అన్నారు ఆయన:

"అలా రాస్తే ఆడిట్ వాళ్ళు ఇద్దరికీ టీఏ బిల్లులు అడుగుతారయ్యా. లూజ్ కనెక్షన్ అని రాయి."